సోమశిల, ఆలంపూర్, గద్వాల: పైసలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు

నల్గొండ నుంచి కారులో సోమశిల, ఆలంపూర్, గద్వాల చుట్టి వచ్చాం. అమ్మ, అక్క, బావ, నేను. ఆరు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ తిరిగితే పెట్రోలు 3,600 అయింది. తిండి, దర్శనాలు అన్నీ అనుకున్నంతలోనే అయ్యాయి. లెక్క తప్పింది రాత్రి బసకు, హైవే మీది ఒక లాడ్జి దగ్గర. ముందు దాని సంగతే చెప్తాను.

పొద్దున ఫోన్ చేస్తే ఫ్యామిలీ రూమ్ 1,200 అన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు దిగేసరికి అది 1,800 అయింది.

"పొద్దుగాల పన్నెండు వందలు అంటివి కదా తమ్మీ?" అని బావ నిలదీశాడు.

"ఆ రేటు నాన్ ఏసీ రూములకు సార్. అవన్నీ నిండినయ్."

అతని వెనక బోర్డు నిండా తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి. బావ గొడవకు సిద్ధమయ్యాడు గానీ అమ్మ మోకాళ్ళ నొప్పితో మెట్ల మీదే కూర్చుండిపోయింది. "పైసలు పోతే పోయినయ్ కొడుకా, ఇంత నడుము వాల్చనీయుండ్రి" అంది. అమ్మ ఆ మాట అన్నాక ఇంక బేరమేముంటుంది? కట్టాం. ఏసీ రిమోట్ అడిగితే పాడైందన్నారు. అదనపు పరుపుకు 250. పొద్దున రెండు బకెట్ల వేడినీళ్ళకు ఇంకో వంద. మొత్తం 2,150. బిల్లు అడిగితే చిత్తు కాగితం మీద అంకె గీకి ఇచ్చారు. ముసలివాళ్ళతో రాత్రిపూట దిగినవాళ్ళు ఎటూ పోలేరని తెలిసి చేసే దోపిడీ ఇది. నాకు కోపం ఇంకా దిగలేదు.

అందుకని గది రేటు, ఏసీ ఉందా లేదా, ఎంతమంది పడుకుంటారు, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. సామాను దించకముందే గది చూడండి. హైవే మీద ఆగకుండా వనపర్తిలోనో గద్వాలలోనో దిగితే పక్కనే ఇంకో లాడ్జికి పోయే వీలుంటుంది.

అదే రోజు మధ్యాహ్నం సోమశిలలో దీనికి పూర్తిగా వేరే అనుభవం. దేవరకొండ, డిండి, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దాటి కొల్లాపూర్ నుంచి లోపలికి పోతే శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళు, కొండల మధ్య కృష్ణమ్మ. వానాకాలం చివర జలాశయం నిండినప్పుడే పోండి, ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోతాయి. ఒడ్డు దగ్గర రేకుల కింద ఒకామె పొయ్యి పెట్టుకుని వంట చేస్తోంది. అప్పుడే తెచ్చిన చేపలతో పులుసు, వేడి వేడి జొన్న రొట్టెలు. పులుసు చిక్కగా, చింతపండు ఘాటుతో ఉంది. బావ మాట్లాడకుండా నాలుగు రొట్టెలు తిన్నాడు. అమ్మ శనివారం నీసు ముట్టదు. అది విని ఆమె అప్పటికప్పుడు వేరే గిన్నెలో టమాటాలు మగ్గబెట్టి, పచ్చిమిరపకాయలు వేసి తొక్కు నూరింది, ఇంత పెరుగు కూడా పెట్టింది. ముగ్గురి చేప భోజనానికి 540 తీసుకుంది. అమ్మ తిన్నదానికి ఎంత చెప్పినా పైసా ముట్టలేదు. "పెద్దమ్మ ఇంత తిన్నదానికి పైసలేంది" అంది.

ఆలంపూర్‌కు పూట సరిపోతుంది, తెల్లవారే పోండి. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, తుంగభద్ర ఒడ్డు. అమ్మకు జోగులాంబ దర్శనం ముఖ్యం, నాకు స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాలు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం వదలొద్దు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. చాలామంది జోగులాంబ దర్శనం చేసుకుని అటు చూడకుండానే కారెక్కుతున్నారు, ప్రాణం ఉసూరుమంది.

గద్వాలలో కోట చూసేంత ఓపిక ఎవరికీ మిగల్లేదు. అక్క మనసంతా చీరల మీదే. నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం గద్వాల చీర ప్రత్యేకత. కొట్లో 6,500 చెప్పిన రకం నేతగాళ్ళ ఇంట్లో 4,800కు దొరికింది. బావ ఇంకో మూడు వందలు తగ్గించమనబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. మగ్గం మీద ఆ పని ఎంత నిదానంగా సాగుతుందో ఎదురుగా చూస్తూ బేరమాడటం నాకూ న్యాయం అనిపించలేదు. చెప్పినంతా ఇచ్చి వచ్చాం.