ఇంటి నాస్‌కు మార్చిన పవర్ అడాప్టర్: రెండు నెలల వాడకం తరువాత

ఆరేళ్లపాటు ఆగకుండా పనిచేసిన మా నాస్, అంటే ఇంటి నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ పెట్టె, ఒక ఉదయం లేవలేదు. బటన్ నొక్కితే లైటు ఒక్క క్షణం వెలిగేది, హార్డ్‌డిస్కులు తిరగబోతున్న శబ్దం వినిపించేది, అంతలోనే అంతా ఆరిపోయేది. పిల్లల ఫోటోలు, అమ్మానాన్నల పాత పత్రాల స్కాన్లు అందులోనే ఉన్నందువల్ల డిస్కులే పోయాయేమోనని చాలా భయపడ్డాను. చివరికి దోషం బయట గోడ దగ్గర ఉండే చిన్న నల్ల అడాప్టర్‌దని తేలింది. దాని స్థానంలో కొన్న 12 వోల్టుల, 6.67 ఆంపియర్ల అడాప్టర్‌ను రెండు నెలలుగా వాడుతున్నాను; ఈ సమీక్ష దాని గురించే.

పాత అడాప్టర్ నన్ను ఒక పూటంతా తప్పుదారి పట్టించింది. పెట్టెనుంచి ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే 12.1 వోల్టులు చూపింది కాబట్టి అది బాగానే ఉందనుకుని మదర్‌బోర్డును అనుమానించాను. అయితే డిస్కులు రెండూ బయటకు తీసి బటన్ నొక్కినప్పుడు పెట్టె ఆరిపోకుండా నిలబడింది. అంటే బోర్డుకు కావలసిన కొద్దిపాటి కరెంటును అడాప్టర్ ఇవ్వగలుగుతోంది, డిస్కుల భారం పడగానే కుంగిపోతోంది. కార్ల బ్రేక్ లైటులో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బును దానికి తగిలించి కొలిచేసరికి వోల్టేజీ తొమ్మిది దగ్గరికి పడిపోయింది. చల్లగా ఉన్న బల్బు మొదటి క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణాన్ని తలపించే పరీక్ష ఇది. ఏ అడాప్టర్‌నైనా భారం లేకుండా కొలిచి మంచిదని తీర్మానించకూడదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

కొత్తదాన్నీ అదే పరీక్షకు పెట్టాను. ఖాళీగా 12.2 వోల్టులు, అటువంటి బల్బులు రెండు కలిపితే 12 వోల్టులు చూపింది. ఈ స్థిరత్వమే నేను దీనికి వేసే మార్కులలో అధిక భాగం. 3.5 అంగుళాల డిస్కు ఒక్కొక్కటి తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, వేగం అందుకున్నాక ఒక ఆంపియర్‌కన్నా తక్కువతో సరిపెట్టుకుంటుంది. నా పాత అడాప్టర్ సామర్థ్యం 5 ఆంపియర్లు. రెండు డిస్కులకు నాలుగు పోతే బోర్డుకూ ఫ్యానుకూ మిగిలేది ఒక్కటే. అడాప్టర్లలో వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతూ ఉంటాయి కనుక, అంత తక్కువ మిగులుతో నడిచేదానికి ముందుగా ఇబ్బంది వచ్చేది ఈ ఆరంభ క్షణంలోనే. ఆంపియర్లు ఎక్కువ ఉన్నంత మాత్రాన పెట్టెకు హాని లేదు, అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ మాత్రం కచ్చితంగా సరిపోవాలి.

లోపాలూ చెప్పాలి. అమ్మినవారి వివరణలో ప్లగ్గు బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లని ఉంది గానీ లోపలి వ్యాసం లేదు. 2.1 మిల్లీమీటర్ల రంధ్రమున్న ప్లగ్గు 2.5 మిల్లీమీటర్ల పిన్ను మీదికి ఎక్కదు, 2.5 రకాన్ని సన్నని పిన్నుకు పెడితే ఎక్కుతుంది గానీ వదులుగా ఉండి, కాస్త కదిలితేనే కరెంటు తెగుతుంది. పాత ప్లగ్గును కొలిచి, అమ్మినవారిని అడిగి నిర్ధారించుకున్నాకనే కొన్నాను. పాజిటివ్ మధ్యలో ఉన్నట్టు చూపే గుర్తు మాత్రం లేబుల్ మీద స్పష్టంగా ఉంది. తీగ బిరుసుగా ఉంది, పాతదానికన్నా పొట్టి కూడా. గంటల తరబడి బ్యాకప్ నడిచినప్పుడు అడాప్టర్ వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోలేనంత కాదు. అయినా దాన్ని పెట్టె వెనుక ఇరికించకుండా గాలి ఆడేచోట పెట్టాను.

డిస్కులను వాటి వాటి అరలలోనే తిరిగి అమర్చాను. తీసేటప్పుడే వాటి మీద అంకెలు రాసి ఉంచాను. రెండు డిస్కులనూ కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ అమరిక యథాతథంగా నిలిచింది, ఒక్క ఫైలూ పోలేదు. కరెంటు అలా తెగుతూ వస్తూ ఉండడం డిస్కులకు మంచిది కాదు కనుక డిస్కు తనను తానే పరీక్షించుకునే స్మార్ట్ దీర్ఘ పరీక్షను, ఆ తరువాత మొత్తం డేటా తనిఖీని నడిపించాను. రెండింటిలోనూ తప్పులు కనిపించలేదు.

రెండు డిస్కుల పెట్టె, గుండ్రటి ప్లగ్గు ఉన్నవారికి ఈ అడాప్టర్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. నాలుగు పిన్నుల ప్లగ్గున్న పెద్ద పెట్టెలకు దీన్ని కొనవద్దు, దీని ప్లగ్గు మార్చి అతికించే ప్రయత్నమూ చేయవద్దు. ఆ పిన్నుల వరుస అన్ని తయారీలలోనూ ఒకేలా ఉండదు, తారుమారైతే బోర్డుతోపాటు డిస్కులూ కాలిపోవచ్చు.