డిస్నీ వరల్డ్‌లో ఏ రైడ్ దగ్గర ఉద్యోగం వద్దు? ఇంటిల్లిపాదీ వెళ్లి చూసొచ్చాం

మా అమ్మాయి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ వినోదాల పార్కులో ఉద్యోగానికి అప్లై చేసింది. అక్కడ ఏ రైడ్ దగ్గర పని కష్టమో చూద్దామని వెళ్లాం. అయితే మొదట మోటల్ సంగతి చెప్తాను. ఇంటికొచ్చి వారమైనా నా కడుపుమంట చల్లారలేదు.

కిస్సిమ్మీ అనే ఊళ్లో 192 రోడ్డు మీద, డిస్నీ వరల్డ్‌కి పావుగంట దూరంలో గది బుక్ చేశాం. ఆన్‌లైన్‌లో రాత్రికి 79 డాలర్లని చూపించారు. స్విమ్మింగ్ పూల్ ఉంది, డిస్నీకి ఉచితంగా షటిల్ ఉంది అని రాశారు. అట్లాంటా నుంచి ఎనిమిది గంటలు కారులో కూర్చుని, రాత్రి తొమ్మిదిన్నరకి అక్కడ దిగాం. కౌంటర్లో ఉన్న కుర్రాడు కాగితం తీసి ముందు పెట్టాడు. రాత్రికి 24.95 చొప్పున రిసార్ట్ ఫీజు. పార్కింగ్ రాత్రికి పది. గది అద్దె మీద, రిసార్ట్ ఫీజు మీద పదమూడున్నర శాతం పన్ను. రెండు రాత్రులకి 158 అనుకుని వెళ్తే 255.97 అయింది. అది కాక కార్డు మీద వంద డాలర్ల డిపాజిట్ పట్టి ఉంచారు.

రిసార్ట్ ఫీజు దేనికని అడిగితే పూల్‌కి, షటిల్‌కి అన్నాడు. వెళ్లి చూస్తే పూల్ గేటుకి గొలుసు, తాళం. నీళ్లు పాచి పట్టి ఉన్నాయి. షటిల్ పొద్దున ఏడున్నరకి ఒక్కటే, తిరిగి సాయంత్రం ఆరుకి ఒక్కటే. రాత్రి బాణసంచా చూడాలంటే అది ఎందుకూ పనికిరాదు. గదిలో దుప్పటికి సిగరెట్టు కాలిన కన్నాలున్నాయి. అత్తయ్య మాట్లాడకుండా పెట్టె తెరిచి, తన నేత చీర మంచం మీద పరుచుకుని పడుకున్నారు. ఆవిడని అలా చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోడ్డు మీద గది తీసుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి, "పన్నులూ ఫీజులూ అన్నీ కలిపి ఎంత?" అని అడిగి, ఆ లెక్క ఈమెయిల్లో పంపమనండి. పంపకపోతే ఆ గది వదిలేయండి.

ఇక మేం వెళ్లిన పని సంగతి. మా అమ్మాయి శ్రావ్య ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. డిస్నీ కాలేజ్ ప్రోగ్రాంకి అప్లై చేసింది. ఒక సెమిస్టర్ ఆర్లాండోలో ఉండి, పార్కులో జీతానికి పనిచేయాలి. ఉండటానికి ఫ్లెమింగో క్రాసింగ్స్ విలేజ్ అని అపార్ట్‌మెంట్లున్నాయి, అద్దె జీతంలోంచి వారం వారం పట్టుకుంటారు. రైడ్ల పని వస్తే ఏ రైడ్ దగ్గర వేస్తారన్నది మాత్రం మన చేతిలో ఉండదు. మా ఆయన ససేమిరా అన్నారు. "ఇంజనీరింగ్ చదువుతూ రంగులరాట్నం తిప్పుతావా?" అని రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. "ఒకసారి వెళ్లి చూద్దాం డాడీ. ఎక్కడ వేస్తే చేయలేనో నాకే తెలుస్తుంది" అంది. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తయ్యని కూడా తీసుకుని బయల్దేరాం. ఈసారి రైడ్ల కంటే వాటి దగ్గర పనిచేసేవాళ్లని ఎక్కువ చూశాం.

ఇవి 2024 జూన్ నాటి ధరలు. నలుగురికి రెండు రోజుల టికెట్లకి 1,300 డాలర్లు దాటింది. తేదీని బట్టి ధర మారుతుంది కాబట్టి నాలుగైదు తేదీలు పెట్టి చూసుకోండి. కారు పార్కింగ్ రోజుకి 30, అత్తయ్యకి వీల్‌చెయిర్ అద్దె 12. బయటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు మాత్రం రానివ్వరు, ఊరగాయ ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి. సెక్యూరిటీ ఆయన మా పులిహోర డబ్బా మూత తీసి, వాసన చూసి, నవ్వి ఇచ్చేశాడు. మధ్యాహ్నం నీడలో కూర్చుని తిన్న ఆ పులిహోర ముందు అక్కడి 15 డాలర్ల బర్గర్ ఎందుకూ పనికిరాదు.

డిస్నీ వరల్డ్‌లో ఉన్న పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మొదట ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ ఎక్కాం. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన రైడ్ ఇది. ఫ్లోరిడాలో ఉన్నది 1971 నుంచి నడుస్తోంది. పడవలో కూర్చుంటే పది నిమిషాలు దేశదేశాల బొమ్మలు పాడుతూ ఆడుతూ కనిపిస్తాయి. మన దేశం బొమ్మలు రాగానే అత్తయ్య దణ్ణం పెట్టారు. శ్రావ్య మాత్రం పడవ ఎక్కించే అబ్బాయినే చూస్తోంది. ఉన్నది ఒకటే పాట. మనకి పది నిమిషాలు, అతనికి షిఫ్టంతా. ఏ రైడ్ దగ్గర పని చేయలేరని అడిగితే అందరూ దీని పేరే చెప్తారు. నాకు అలా అనిపించలేదు. ఏసీ ఉంది, ఎక్కేవాళ్లు నవ్వుతూ ఎక్కుతారు, పిల్లలు టాటా చెప్తారు. పాటదేముంది, రైలు పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లకి నెల తిరిగేసరికి రైలు చప్పుడు వినపడదు.

జంగిల్ క్రూజ్ దగ్గర అత్తయ్య చెప్పిన మాట నాకింకా చెవుల్లో ఉంది. అక్కడ పడవ నడిపే అమ్మాయి దారి పొడవునా జోకులు వేస్తూనే ఉండాలి. పడవ తిప్పక్కర్లేదు, అది నీళ్లకింద పట్టా మీద పోతుంది. నోటికే ఎక్కువ పని. మా పడవలో ఎవరూ నవ్వలేదు. అయినా ఆ పిల్ల గొంతు తగ్గించలేదు, చివరిదాకా అదే హుషారు. దిగాక అత్తయ్య అన్నారు: "మీ మామయ్య ముప్పయ్యొక్కేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. ముందుకి జరగండి, చిల్లర తీయండి అని రోజంతా అనీ అనీ ఇంటికొచ్చాక మాట్లాడేవారు కాదు. సైగలే. పిల్లలు నాన్నకి కోపమొచ్చిందనుకునేవాళ్లు. కోపం కాదమ్మా, గొంతు అరిగిపోయేది." మా ఆయన అది విని మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ పిల్లల్లో ఆయనా ఒకరు. గొంతుకి బలం లేనివాళ్లు ఈ పని వద్దనుకోవడమే మంచిది.

హాంటెడ్ మాన్షన్ దయ్యాల బంగళా. 999 దయ్యాలున్నాయంటారు. కొత్తవాళ్లు భయపడే పేరే గానీ ఉద్యోగానికి ఇదే బంగారం. చీకటి, చల్లదనం, పైగా పార్కంతా నవ్వుతూ ఉండాల్సిన చోట ఇక్కడివాళ్లు మొహం ముడుచుకుని ఉండొచ్చు, అదే వాళ్ల వేషం. కష్టమల్లా ఒక్కటే. బళ్లు ఆగకుండా కదులుతూనే ఉంటాయి, ఎక్కేవాళ్లు కదిలే పట్టీ మీద నడవాలి. ఎవరు తడబడతారో అని కన్నార్పకుండా చూస్తుండాలి. అత్తయ్యని ఎక్కించేటప్పుడు అక్కడివాళ్లు పట్టీ నెమ్మది చేసి, చెయ్యి అందించి మరీ కూర్చోబెట్టారు. వాళ్ల ఓపికకి నా దండం.

ఎండలో పని చేయాల్సిన టుమారోలాండ్ స్పీడ్‌వే మాత్రం నేను గట్టిగా వద్దంటాను. పిల్లలు పెట్రోలు కార్లు నడుపుతారు. ఆ రొద, ఆ పొగ, కింద కాంక్రీటు వేడి. ఆ రోజు 34 డిగ్రీలు. అక్కడివాళ్లు కార్ల మధ్య నడుస్తూ ఒక్కో పిల్లాడికి బెల్టు పెట్టి పంపాలి. మేం పావుగంట నిలబడితేనే నాకు తలనొప్పి వచ్చింది. మూడింటికి ఉరుములు మొదలయ్యాయి. ఆర్లాండోలో జూన్ నెలంటే మధ్యాహ్నం వాన మామూలే. మెరుపులు దగ్గరికొస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. గంటసేపు లైన్లో నిలబడ్డవాళ్లకి ఆ మాట చెప్పాల్సింది కూడా ఆ పిల్లలే.

వాన తగ్గాక స్పేస్ మౌంటెన్ దగ్గర చూసింది నేను మర్చిపోలేను. అది చీకట్లో దూసుకుపోయే రోలర్ కోస్టర్. ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. ఐదేళ్ల బాబు ఒకడు కొలకర్ర కింద నిలబడ్డాడు. అర అంగుళం తక్కువ. మడమలు లేపాడు. అక్కడున్న అమ్మాయికి మా శ్రావ్య వయసే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా చెప్పింది. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. తండ్రి రెచ్చిపోయాడు. ఎంత ఖర్చు పెట్టి వచ్చామో తెలుసా, నీ పైవాళ్లని పిలువు అని అందరి ముందూ అరిచాడు. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. బొటనవేలు మాత్రం కొలకర్ర మీది గీతని రుద్దుతూనే ఉంది, అది చెరిగిపోతే బాగుండునన్నట్టు. వాళ్లు వెళ్లిపోగానే లైన్లో తర్వాతి పిల్లాడు వచ్చి నిలబడ్డాడు.

ఎండ, పాట, దయ్యాలు ఇవన్నీ ఓర్చుకోవచ్చు. రోజుకి యాభైసార్లు పసిపిల్లలకి వద్దని చెప్పే పని నా కూతురికి పడకూడదనే నేను మొక్కుకున్నాను. శ్రావ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బాబు పడిపోకూడదనే కదమ్మా ఆపింది. ఆ పని నేను చేయగలను" అంది.

రెండో రోజు డిస్నీ వరల్డ్‌లోనే ఇంకో పార్కు ఎప్‌కాట్‌లో హాయిగా గడిచింది. మిషన్ స్పేస్ ఒక్కటి చెప్తాను. రాకెట్‌లో వెళ్తున్నట్టు అనిపించే రైడ్ అది, 2003 నుంచి ఉంది. అందులో ఆరెంజ్ రకం మనిషిని గిర్రున తిప్పుతుంది. సీటు దగ్గర వాంతి సంచులుంటాయి. అక్కడి ఉద్యోగులు వాంతిని ప్రోటీన్ స్పిల్ అంటారట. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు అక్కడ పని ఒప్పుకోకండి.

ఆ రెండో రోజు పొద్దున, ఎప్‌కాట్‌కి బయల్దేరేముందు గది ఖాళీ చేసేటప్పుడు మోటల్ కౌంటర్లో అదే కుర్రాడు ఉన్నాడు. డిపాజిట్ వారం పదిరోజుల్లో వస్తుందన్నాడు. పూల్‌కి తాళం వేసి డబ్బులెలా తీసుకుంటారని మా ఆయన నిలదీశారు. "నాకు చెప్పమన్నది చెప్తున్నాను సార్" అన్నాడు తల దించుకుని. కారెక్కాక శ్రావ్య, "నాకు ఎండలో నిలబెట్టినా ఫర్వాలేదు గానీ, ఆ అబ్బాయి ఉద్యోగం మాత్రం వద్దమ్మా" అంది. వాడి మీద నాకున్న కోపం అప్పుడు వాడి యజమాని మీదికి మళ్లింది. ఇవాళ్టికీ ఆ వంద రాలేదు, రేపు బ్యాంకుకి ఫోన్ చేస్తాను.

మా ఆయన ఇంకా సరే అనలేదు. కానీ నిన్న సాయంత్రం అత్తయ్యనీ శ్రావ్యనీ బూట్ల షాపుకి తీసుకెళ్లారు. పొద్దున కొలత ఇస్తే ఒప్పుకోవద్దని, రోజంతా నిలబడేవాళ్ల కాళ్లు సాయంత్రానికి వాస్తాయని, మామయ్య ఎప్పుడూ చీకటి పడ్డాకే చెప్పులు కొనేవారని అత్తయ్య పట్టుబట్టారు. అర సైజు పెద్దవి తీసుకున్నారు. నల్లవి, మెత్తటి అడుగున్నవి, 142 డాలర్లు. బిల్లు మా ఆయనే కట్టారు.