చేతికి కట్టుకునే ఫోన్: వంటింట్లో ఏళ్ల తరబడి వాడాక

వైజాగ్ అక్కయ్యపాలెంలో మాది చిన్న క్యాటరింగ్. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా చేతులకు పిండో, నూనో, పసుపో అంటుకునే ఉంటాయి. ఫోన్ మాత్రం ఆగదు. అందుకే స్మార్ట్‌వాచ్‌ని నేను గరిటెలా ఒక పనిముట్టుగానే చూస్తాను. మొదట బ్లూటూత్ కాలింగ్ వాచ్ చాలాకాలం వాడాను. ఇప్పుడు చేతికి ఉన్నది ఈ-సిమ్ (వాచ్‌లోనే ఇమిడి ఉండే సిమ్) వేసిన ఎల్‌టీఈ వాచ్, అంటే మొబైల్ నెట్‌వర్క్‌తో సొంతంగా పనిచేసేది.

ఈ రెంటికీ తేడా తెలియకుండా కొనేవాళ్లు ఎక్కువ. బ్లూటూత్ వాచ్ మన ఫోన్‌కి స్పీకరూ మైకూ మాత్రమే. ఫోన్ సుమారు 10 మీటర్ల లోపల ఉండాలి, మధ్యలో గోడ వస్తే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. మా ముందుగదిలో ఫోన్ పెట్టి పొయ్యి దగ్గర మాట్లాడటం కుదిరేది. వడియాలు ఆరబెట్టడానికి డాబా ఎక్కితే కాల్ కట్. ఈ-సిమ్ వాచ్ నేరుగా టవర్‌తో మాట్లాడుతుంది. మన నంబరే అందులోనూ మోగుతుంది. ఫోన్ ఇంట్లో వదిలేసి పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకు వెళ్లొచ్చు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది కాల్స్ కాదు, టైమర్. పులిహోర అన్నానికి ఒకటి, పాయసానికి ఒకటి, పప్పుకి ఒకటి పెట్టుకుంటాను. గ్రైండరూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ కలిసి మోగుతుంటే ఫోన్ అలారం ఎవరికీ వినపడదు. మణికట్టు మీద వైబ్రేషన్ మాత్రం ఎంత సందడిలోనైనా తెలుస్తుంది. ఈ ఒక్కదానికే డబ్బులు గిట్టాయంటాను.

కాల్ విషయానికొస్తే, ఎవరు చేశారో చూసి "పావుగంటలో చేస్తానండీ" అని చెప్పడానికి బాగుంటుంది. అంతకుమించి మాట్లాడాలంటే కష్టమే. బీచ్ రోడ్డులో గాలి మైకులోకి దూరి అవతలివాళ్లకు హోరు తప్ప ఏమీ వినపడదు. బస్సులో అయితే మన సంగతులన్నీ పక్క సీటువాళ్లకు తెలిసిపోతాయి. ఎల్‌టీఈ వాచ్‌కి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలుపుకున్నాక ఈ బాధ తీరింది.

తెలుగు సంగతి కొనేముందే చూసుకోండి. నా పాత వాచ్‌లో తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చేవి. ఫోన్‌లో "అమ్మ" అని సేవ్ చేసుకుంటే వాచ్‌లో డబ్బాలే మోగేవి! షాపులోనే ఎవరిచేతనైనా ఒక తెలుగు మెసేజ్ పెట్టించుకుని, ఒత్తులు సరిగ్గా కనిపిస్తున్నాయా అని చూడండి.

మన వైజాగ్ ఉక్కపోత ఈ వాచీలకు పెద్ద శత్రువు. పాత వాచ్ వెనక ఛార్జింగ్ కోసం రెండు చిన్న లోహపు చుక్కలు ఉండేవి. చెమటకు వాటి మీద పచ్చటి చిలుము పట్టి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో నీటి వల్ల పాడైందని చెప్పి వారంటీ ఇవ్వలేదు. ఇప్పటి వాచ్‌కి ఆ చుక్కలు లేవు, వైర్‌లెస్ ఛార్జింగ్. అయినా రోజూ పని అయ్యాక పట్టీ విప్పి మంచినీళ్లతో కడిగి, తుడిచి, చెయ్యి ఆరాకే మళ్లీ కట్టుకుంటాను. లేకపోతే పట్టీ కింద దురద, దద్దుర్లు. వాచ్ మీద 5 ఏటీఎం (ఎంత నీటి ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే కొలత) అని రాసి ఉంటే 50 మీటర్ల లోతుకి దూకొచ్చని కాదు. అది కదలని నీటి ఒత్తిడి లెక్క. ఉప్పునీళ్లు తగిలితే వెంటనే కుళాయి కింద పెట్టాలి.

అసలు పరీక్ష సింహాచలం గిరి ప్రదక్షిణలో జరిగింది. 32 కిలోమీటర్లు, ఫోన్ ఇంట్లోనే పెట్టి వాచ్‌తో నడిచాను. నడక మొదలయ్యే తొలిపావంచా దగ్గర 100 శాతం ఉన్న ఛార్జింగ్, జీపీఎస్, ఎల్‌టీఈ రెండూ ఆన్‌లో ఉండటంతో మాధవధార వచ్చేసరికి 20 లోపుకి పడిపోయింది. జీపీఎస్ ఆపేస్తే ఇంటికి చేరేదాకా లాగింది. జోడుగుళ్లపాలెం దగ్గర జనసముద్రంలో కాల్ కలవలేదు, మెసేజ్ మాత్రం వెళ్లింది. ఇంట్లోవాళ్ల టెన్షన్ తీరడానికి అది చాలింది. మామూలు రోజుల్లో ఎల్‌టీఈ వాచ్‌కి రోజూ ఛార్జింగ్ తప్పదు. బ్లూటూత్‌దైతే కాల్స్ తక్కువుంటే వారం దాకా వచ్చేది.

గుండె వేగం చూపించే పచ్చలైటు పర్వాలేదు, నడకకు పనికొస్తుంది. కానీ సూది గుచ్చకుండా షుగర్ చెప్తామనే వాచీలను దయచేసి నమ్మకండి. అలాంటివి వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మా ఇంట్లోనూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లున్నారు. తప్పుడు అంకె చూసి మోతాదు మారిస్తే ప్రాణం మీదకొస్తుంది.

కొనేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. యాపిల్ వాచ్‌కి ఐఫోనే కావాలి. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలకు ఆండ్రాయిడ్ ఫోనే కావాలి. ఈ-సిమ్ మీ నెట్‌వర్క్‌లో, మీ ప్లాన్‌లో వాచ్‌కి ఇస్తారో లేదో కనుక్కున్నాకే డబ్బులు కట్టండి. మా దగ్గర పనిచేసే అమ్మాయి "అక్కా, నేనూ ఇలాంటిదే కొనుక్కుంటాను" అంటే బ్లూటూత్‌దే చూసుకోమన్నాను. తను ఫోన్ లేకుండా ఎక్కడికీ వెళ్లదు, మిగిలిన డబ్బులకు మంచి ఇయర్‌బడ్స్ వస్తాయి.