కొన్నది ఆయన, తొక్కుతున్నది అందరం: మా ఇండోర్ ట్రైనర్

ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) పిచ్చి ఉన్న మనిషి ఇంట్లో ఒక్కరుంటే చాలు, సామాను దానంతటదే పెరుగుతుంది. వెట్‌సూట్, ఈతకళ్లజోళ్లు, బూట్ల మీద బూట్లు. మా ఆయన తెచ్చినవాటిలో ఇంటిల్లిపాదికీ పనికొచ్చింది మాత్రం ఒక్కటే, డైరెక్ట్ డ్రైవ్ ఇండోర్ ట్రైనర్, అంటే సైకిల్‌ను ఇంట్లోనే కదలకుండా నిలబెట్టి తొక్కే యంత్రం. కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఆయన రాస్తే అన్నీ వాట్ల (ఎంత బలంగా తొక్కుతున్నామో చెప్పే కొలత) లెక్కలే ఉంటాయి కాబట్టి సమీక్ష నేను రాస్తున్నాను.

సైకిల్ వెనక చక్రం తీసేసి ఫ్రేమును నేరుగా ట్రైనర్‌కే బిగించాలి. గొలుసు ట్రైనర్ మీదున్న క్యాసెట్‌ను (గేర్ల పళ్లచక్రాల కట్టను) తిప్పుతుంది. టైరును రోలర్‌కి ఆనించే రకంలోలా టైరు అరగదు, జారదు. చప్పుడూ తక్కువే, గొలుసుది మాత్రం వినిపిస్తుంది. చప్పుడుకన్నా నేలలోకి పాకే అదురుతోనే ఎక్కువ ఇబ్బంది. మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక తగ్గింది.

నాకు సైకిల్ అలవాటు చేసింది మా ఆయన ప్రోత్సాహం కాదు, ఇందులోని ఈఆర్‌జీ మోడ్. ఇన్ని వాట్లు అని పెడితే, కాళ్లు నిదానంగా ఆడినా వేగంగా ఆడినా ట్రైనర్ బిగువు మార్చుకుంటూ అంతే శ్రమ చేయిస్తుంది. ఆయనతో రోడ్డు మీదికి వెళ్తే ఆయన ముందు మలుపులో ఆగి చూస్తుంటారు, నేను రొప్పుతూ చేరగానే మళ్లీ బయల్దేరతారు. ఆయన విశ్రాంతి అయిపోతుంది, నాది మొదలే కాదు! ఇక్కడ ఆ బాధ లేదు. ఆయన వంతులో 200 వాట్లు, నా వంతులో 90.

ఈ మోడ్‌తో ఒక చిక్కుంది. అలసిపోయి కాళ్ల వేగం పడిపోతే ట్రైనర్ ఇంకా బిగుసుకుంటుంది, దాంతో వేగం మరింత పడిపోయి చివరికి పెడల్ మొరాయిస్తుంది. మా అత్తయ్య ఒకసారి అలా ఇరుక్కుని, "ఇది నన్ను వద్దంటోంది" అని దిగిపోయారు. ఆవిడకి ఆ మోడ్ తీసేసి తేలిక గేరులో పెట్టాం. ఇప్పుడు ఫోన్ మాట్లాడుతూ తొక్కుతారు.

ఒకే సైకిల్ నలుగురు వాడితే సీటు ఎత్తే పెద్ద తగాదా. సీటు గొట్టానికి తలా ఒక రంగు టేపు చుట్టాం. మా ట్రైనర్ బ్లూటూత్‌లో ఒకేసారి ఒక్క పరికరానికే దొరుకుతుంది. పక్కగదిలో ఆయన ఫోన్ పట్టేసుకుంటే నేనిక్కడ ఊరికే వెతుక్కోవాలి. ఎదురుగాలి ఉండదు కాబట్టి చెమట ధారలే, పెద్ద ఫ్యాను తప్పదు. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పకపోతే బోల్టులు తుప్పు పడతాయి. తొక్కడం ఆపాక కూడా ఫ్లైవీల్ (ట్రైనర్‌లోని బరువైన చక్రం) కాసేపు తిరుగుతుంది, పసిపిల్లలుంటే వేళ్లు జాగ్రత్త.

మా అమ్మాయికి పట్టింది ఇంకో రకం పిచ్చి. ట్రైనర్ పక్కన బూట్లు సిద్ధంగా పెట్టుకుని, దిగీ దిగగానే వేసుకుని పరుగెడుతుంది. ట్రయాథ్లాన్ వాళ్లు దీన్ని బ్రిక్ అంటారు. సైకిల్ దిగిన మొదటి నిమిషాల్లో కాళ్లు మొద్దుబారినట్టుంటాయి, ఆ మార్పు అలవాటవ్వాలని చేస్తారు. ఒలింపిక్స్‌లో 2021లో తొలిసారి పెట్టిన మిక్స్‌డ్ రిలే వీడియోలు చూసి, మనమూ పంచుకుందామని పట్టుబట్టింది. అందులో జట్టుకు ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. ఒక్కొక్కరూ ఈత, సైకిల్, పరుగు మూడూ చేయాలి. మాకంత సీను లేదు. ఒక పోటీలో స్ప్రింట్ (ట్రయాథ్లాన్‌లో పొట్టి రకం) దూరాన్ని ముక్కలు చేసుకున్నాం. 750 మీటర్ల ఈత ఆయనది, 20 కిలోమీటర్ల సైకిల్ నాది, 5 కిలోమీటర్ల పరుగు దానిది.

ట్రైనర్ నేర్పనివేంటో ఆ పోటీ రోజు తెలిశాయి. దమ్ము సరిపోయింది గానీ మలుపు తిరగడం, బ్రేకు వేయడం, గుంపులో నిలదొక్కుకోవడం ఇంట్లో రావు. రోడ్డు మీద సాధన విడిగా చేయాల్సిందే.

ఒక్కరే, అదీ అప్పుడప్పుడే తొక్కేట్టయితే ఇంత యంత్రం అనవసరం, రోలర్ రకం చాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఎక్కేలా ఉంటే డైరెక్ట్ డ్రైవే కొనండి. పొద్దున్న వంతు ఇప్పుడు నాది, ఆయనకు రాత్రి దొరుకుతుంది. రెండోది కొందామంటున్నారు. హాల్లో చోటు లేదన్నాను.