యూరప్ రైలు టికెట్లు ఏజెంట్ దగ్గర కొంటున్నారా? స్టేషన్ పేరు, బుకింగ్ నంబరు చూశాకే డబ్బు కట్టండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి యూరప్ టూరుకు బయల్దేరుతున్నవాళ్ళకు ఈ హెచ్చరిక. మొదటిసారి దేశం దాటుతున్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్తున్నవాళ్ళు దయచేసి పూర్తిగా చదవండి. మాకు వీసా, విమానం, హోటల్ అన్నీ సరిగ్గానే కుదిరాయి. దెబ్బ తగిలింది రైలు మారే చోట.

మేం టికెట్లన్నీ తిరుపతిలోనే ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీసుకున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అమ్మ, నాయన, నేను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్, అక్కణ్ణించి అదే సాయంత్రం జ్యూరిక్. అతనిచ్చిన కాగితంలో ఈ మార్పు ఒకే ఒక్క లైను: ‘పారిస్ - ట్రైన్ చేంజ్ - 55 నిమిషాలు’. టైము చాలుతుందా అని అడిగితే, "అక్కడ బండ్లు సెకన్లతో సహా టైముకే వస్తాయి సార్. టిఫిన్ చేసి నిదానంగా ఎక్కొచ్చు" అన్నాడు.

ఆ లైనులో రాయనిది ఒకటుంది. ఆమ్‌స్టర్‌డామ్ బండి వచ్చి ఆగేది గార్ ద్యు నోర్ స్టేషన్లో. జ్యూరిక్ బండి బయల్దేరేది గార్ ద లియోన్ స్టేషన్లో. చెన్నై సెంట్రల్లో దిగి ఎగ్మోర్‌లో ఇంకో బండి పట్టుకోవడం లాంటిదే ఇది, దూరం మాత్రం ఇంకా ఎక్కువ. పారిస్‌లో దూరప్రాంతాల బండ్లకు ఒకే స్టేషన్ ఉండదు. నోర్, ఎస్త్, లియోన్, మోంపర్నాస్, ఇలా ఒక్కో దిక్కుకు ఒక్కోటి. ఈ సంగతి రైలు టికెట్లు అమ్మే మనిషికి తెలిసి తీరాలి.

మా బండి పారిస్ చేరేసరికి ఇరవై నిమిషాలు పైగా ఆలస్యం. అక్కడ పోర్టర్లు కనబడరు, సామాను మనమే లాక్కోవాలి. నోర్ నుంచి లియోన్ స్టేషన్‌కు ఆర్‌ఈఆర్ (పారిస్ లోకల్ రైలు) డి లైన్లో వెళ్ళాలి. మధ్యలో షాట్లే ఒక్కటే స్టేషన్, పది నిమిషాల్లోపు ప్రయాణం. కానీ ఆ పది నిమిషాల ముందూ వెనకా ఉన్న పని ఏ కాగితంలోనూ ఉండదు. కిందికి ఎస్కలేటర్లు దిగాలి, మెషిన్ దగ్గర క్యూలో నిలబడి టికెట్ తీసుకోవాలి, ఏ వైపు వెళ్ళే బండో చూసుకోవాలి. గేటు దగ్గర అమ్మ టికెట్ పెట్టి అవతలికి వెళ్ళింది, సూట్‌కేసు ఇవతలే ఇరుక్కుపోయింది, తలుపులు మూసుకున్నాయి. అమ్మకు భాష రాదు, ఫోన్లో సిగ్నల్ లేదు. "నాయనా, నువ్వు రాలేదేమిరా" అని అటు నుంచి అరుస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనకున్న ఒకామె పక్కనే ఉన్న వెడల్పాటి గేటు చూపించింది. సామాన్లున్నవాళ్ళు నేరుగా ఆ గేటుకే వెళ్ళండి.

గార్ ద లియోన్‌లో పైకొచ్చాక ఇంకో చిక్కు. అక్కడ ఒక హాల్లో ప్లాట్‌ఫారాలకు అక్షరాలు, ఇంకో హాల్లో అంకెలు. ఏ ప్లాట్‌ఫారమో బోర్డు మీద వేసేది కూడా బండి బయల్దేరడానికి కాస్త ముందే. టీజీవీ బండ్లకు (ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్ళు, మా జ్యూరిక్ బండీ అదే రకం) బయల్దేరే టైముకు 2 నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు. మేం బోర్డు కిందికి చేరేసరికి మా బండి వెళ్ళిపోయింది. ఆ రోజుకు జ్యూరిక్‌కు అదే చివరిది.

కౌంటర్లో అమ్మాయి రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టి చూసి, బుకింగ్ నంబర్లు వేరు కాబట్టి రెండో టికెట్‌కు చేయగలిగిందేమీ లేదని చెప్పింది. పొద్దున బండికి ముగ్గురికీ కొత్త టికెట్లు, రాత్రికి పారిస్‌లో గది, జ్యూరిక్‌లో ముందే కట్టిన గది వృథా. అన్నీ కలిపి లక్షకు దగ్గర పడింది. డబ్బు సంగతి అలా ఉంచండి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ రాత్రి స్టేషన్ బయట సూట్‌కేసు మీద కూర్చుని, "ఇంటికి పోదాం పద" అంది. అది నేను మర్చిపోలేను.

ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, "ట్రైన్ లేటయితే మేమేం చేస్తాం సార్, అక్కడే కౌంటర్లో అడగండి" అని పెట్టేశాడు. తిరిగొచ్చాక కూడా అదే మాట. ఇందులో రైలు ఆలస్యం అసలు విషయమే కాదు. ఇరవై నిమిషాల ఆలస్యానికే తెగిపోయే కనెక్షన్‌ను, స్టేషన్ మారాలని చెప్పకుండా, రెండు విడి టికెట్లుగా, చివరి బండికి అమ్మడం అసలు విషయం. విడిగా కొంటే ఒక్కోసారి కాస్త చౌకగా దొరుకుతాయి. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్ళిందో నేను చెప్పలేను, రిస్కు మాత్రం మొత్తం మా నెత్తిన పడింది.

ఒకే టికెట్, విడి టికెట్ల తేడా మనవాళ్ళకు తెలిసి తీరాలి. యూరోపియన్ యూనియన్‌లో రైలు ప్రయాణికుల హక్కుల కొత్త నిబంధనలు 2023 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి. ప్రయాణం మొత్తానికి ఒకే త్రూ టికెట్ ఉంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేదే. చివరి స్టేషన్‌కు గంట నుంచి రెండు గంటల్లోపు ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. కొన్ని మినహాయింపులు ఉన్నా, మామూలుగా లెక్క ఇదే. అమ్మేవాళ్ళు తమంతట తాము విడి టికెట్లను కలిపి ఒకే బేరంగా అమ్మి, అవి విడివిడి ఒప్పందాలని ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే, కనెక్షన్ తప్పినప్పుడు కట్టిన డబ్బు వెనక్కిచ్చి, దాని మీద 75 శాతం పరిహారం కూడా ఇవ్వాలని అక్కడి నిబంధన. అక్కడ ఈ విషయాన్ని ఇంత గట్టిగా పట్టించుకుంటున్నారు. మన ఏజెంట్ దగ్గర కూడా అదే ప్రశ్న అడగండి: "ఇది ఒకే టికెట్టా, రెండా? వాట్సాప్‌లో రాసి పంపండి." నోటిమాట నమ్మి డబ్బు కట్టకండి.

ఏజెంట్ టైప్ చేసిచ్చే ప్లాను కాగితంతో సరిపెట్టుకోకుండా అసలు టికెట్ పీడీఎఫ్ అడిగి తీసుకోండి. అందులో దిగే స్టేషన్, ఎక్కే స్టేషన్ పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడండి. పారిస్‌లోనే కాదు, మిలాన్‌లో చెంత్రాలే వేరు, పోర్తా గరిబాల్దీ వేరు. బాజెల్‌లో స్విస్ స్టేషన్ వేరు, బాడిషర్ స్టేషన్ వేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెయిన్ స్టేషన్ వేరు, ఎయిర్‌పోర్టు స్టేషన్ వేరు.

బండ్లు సెకన్లతో సహా వస్తాయన్న మాట కూడా అన్ని దేశాలకూ వర్తించదు. స్విట్జర్లాండ్‌లో చాలావరకు నిజమే. జర్మనీలో 2024లో దూరప్రాంతాల బండ్లు టైముకు చేరింది సుమారు 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని టైముకు వచ్చినట్టే లెక్కేస్తే. అలాంటి చోట ఏడెనిమిది నిమిషాల కనెక్షన్ పెట్టి ఇస్తే తిప్పి పంపండి. స్టేషన్ మారకపోయినా, పెద్దవాళ్ళతో ఉంటే నేనైతే గంటకు తక్కువ ఒప్పుకోను. పారిస్‌లో స్టేషన్ మారాల్సి ఉంటే రెండున్నర గంటలు. మీ బండి తర్వాత అదే రోజు ఇంకో బండి ఉందో లేదో కూడా చూసుకోండి. లండన్ నుంచి వచ్చేవాళ్ళకైతే పాస్‌పోర్ట్ తనిఖీ కూడా ఉంటుంది. లండన్ నుంచి నడిచే యూరోస్టార్ రైలు గేట్లు బయల్దేరే టైముకు చాలా ముందే మూసేస్తారు, టికెట్ మీద రాసిన టైము చూసి దానికంటే ముందే చేరండి.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. షెంగెన్ వీసాకు అడిగేది 30,000 యూరోల వైద్య ఖర్చుల కవరేజీ. మా పాలసీలో కనెక్షన్ తప్పితే ఇచ్చే పరిహారం విమానాలకే, రైలుకు లేదు. మీ పాలసీలో ఆ పేజీ తీసి చదవండి.

మా ఫిర్యాదును జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించాం. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మనం ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. ఏజెంట్ ఇచ్చిన కాగితం, వాట్సాప్ మెసేజ్‌లు, కొత్త టికెట్ల రసీదులు ఏవీ పారేయకండి.

ఇప్పటికే ఇలాంటి టికెట్లు చేతిలో ఉన్నవాళ్ళు ఈ రోజే తీసి చూడండి. రెండో టికెట్ మార్చుకునే వీలున్న రకమైతే బండి వెళ్ళిపోయాక కాదు, ముందే మార్పించుకోవాలి. ఏజెంట్ కుదరదంటే టికెట్ మీదున్న బుకింగ్ నంబరుతో రైలు కంపెనీ యాప్‌లో మీరే ప్రయత్నించండి. స్టేషన్ పేర్లు అర్థం కాకపోతే పేరు, నంబరు కనబడకుండా టికెట్ ఫొటో కింద పెట్టండి, నేను చూసి చెప్తాను.