దడి మొక్కలని కోనోకార్పస్ అంటగట్టినారు, కడపోళ్ళు జాగ్రత్త

కడపలో ఇల్లు కట్టుకున్నోళ్ళు, కడుతున్నోళ్ళు ఇది చదివి పోండి. రింగురోడ్డు మీద వరసగా నర్సరీలున్నాయి కదా, వాటిలో ఒకదాని సంగతి. పేరు రాయను. అక్కడ కొన్నోళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. "దుబాయ్ మొక్క సార్" అన్న మాట విన్నోళ్ళందరూ నా బాధితుల సంఘంలో సభ్యులే, ఫీజు లేదు.

కత కొత్తదేం కాదు. మాది పొట్టి కాంపౌండు గోడ. వీధిలో నిలబడితే హాల్లో టీవీలో ఏమొస్తుందో కనపడుతుంది. గోడ వెంబడి దడి మాదిరి ఏదన్నా వేద్దామని పోయినాము. నేనడిగింది గోరింట. ఆయప్ప నవ్వి, "ఈ కాలంలో గోరింట ఎవరేస్తారు సార్, ఇది చూడండి" అని నల్ల కవర్లలో మోకాలెత్తు మొక్కలు చూపించినాడు. మన ఎండలకు నీళ్ళు పోయకున్నా బతుకుతుంది, ఏడాదంతా పచ్చగుంటుంది అన్నాడు. ఆ రెండూ నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాల. గేటు పక్కనే సంపు ఉందయ్యా, వేర్లు పోవు కదా అని నోరు తెరిచి అడిగినా. "దేవుని కడప వెంకన్న మీద ఒట్టు సార్, జానెడు కూడా పోవు" అన్నాడు. దేవుణ్ణి కూడా బిల్లులో కలిపినాడు పాపం.

ఇంక చూసుకోండి. మొదటి వానలకే గోడ దాటింది. మా ఆవిడ సంబరపడి వీడియోలు తీసింది. మళ్ళీ ఎండాకాలానికి కిటికీ దాటింది, తర్వాత కరెంటు తీగను పలకరించింది. కత్తిరిస్తే ఒక్క కొమ్మ ఉన్నచోట మూడు లేస్తాయి. కత్తిరించడానికొచ్చే ఆయప్ప మా ఇంటికి పాలాయన కంటే ఎక్కువ సార్లు వచ్చినాడు. పిల్లోని ఎత్తు పెన్సిల్‌తో గోడ మీద గీస్తుంటాం, దీనిది గీయాలంటే నిచ్చెన కావాల. రాత్రి బయట చప్పుడైతే దొంగేమో అని లేచేది మానేసినాం, చెట్టు పెరుగుతోందిలే అని అటు తిరిగి పడుకుంటున్నాం. ఇది ఇట్లే పోతే కార్పొరేషనోళ్ళు దీనికి కూడా ఇంటిపన్ను వేస్తారని మా అమ్మ దిగులు.

నవ్వులాట అక్కడితో సరి. గేటు లోపల పరిచిన నల్ల బండ ఒక మూల పైకి లేచింది. ఊరి పేరు పెట్టుకున్న బండే దాని ముందర నిలబడలేదు, ఇంక మనమెంత! తర్వాత సంపు. రాత్రి నిండా పట్టిన నీళ్ళు తెల్లారేసరికి దిగిపోతున్నాయి. మోటారు తప్పు అనుకున్నాం, వాల్వు మార్చినాం. ఈలోపు బాత్రూంలో నీళ్ళు వెనక్కి తన్నడం మొదలైంది. మేస్త్రీని పిలిచి తవ్విస్తే, పైపు జాయింటు లోపల్నించి బారెడు వేర్ల గుత్తి బయటికొచ్చింది. సన్నగా, ఎర్రగా, తడిగా, అచ్చం సవరం మాదిరి. మేస్త్రీ దాన్ని కమ్మీకి చుట్టి లాగుతుంటే వస్తానే ఉంది. సంపు గోడలో అయితే చిటికెన వేలంత లావు వేరు సిమెంటు చీల్చుకుని లోపలికి దిగి, నీళ్ళలో కుచ్చు విప్పుకుని కూర్చుంది. మేం ఆ నీళ్ళే వాడుకుంటున్నాం. మేస్త్రీ చెప్పింది ఏందంటే, గట్టి పైపును వేరు కొరకదంట. జాయింటు దగ్గర తడి తగిలితే చాలు, వెంట్రుకంత సందులో దూరి లోపల లావెక్కుతుందంట. సంపు మళ్ళీ ప్లాస్టరింగు, పైపు మార్పు, బండలు, కూలీ. ఖర్చు రాస్తే మా ఆవిడ చదువుతుంది, రాయను.

కువైట్లో ఉండే మా బామ్మర్దికి వీడియో కాల్‌లో చూపిస్తే పడీపడీ నవ్వినాడు. "బావా, ఈ చెట్టు ఇక్కడ రోడ్డు పక్కనంతా ఇదే, పైపులు పగలగొడుతుందని తిట్టుకుంటాండారు, నువ్వు డబ్బులిచ్చి కొన్నావా?" అన్నాడు. మన జిల్లా నుంచి ఇంటికొకరు కువైట్లో ఉండి కూడా ఈ ముక్క ముందు అడగాలని తోచలేదు నాకు, శెభాష్.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వేర్ల గుత్తిని కవర్లో వేసుకుని నర్సరీకి పోయినా. డబ్బులు వెనక్కి ఇస్తాడని కాదు, అయ్యో సార్ అంటాడనుకున్నా. కుర్చీలోంచి లేవలేదు. కవర్లోకి తొంగి చూసి, "మొక్క పెరగలేదని గొడవకు వచ్చినోళ్ళను చూసినా సార్, బాగా పెరిగిందని వచ్చింది నువ్వొక్కడివే" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. మొక్క కొన్నప్పుడు మీరు, వేరు తెచ్చినప్పుడు నువ్వు. ఒట్టేసినావు కదయ్యా అంటే, "నీళ్ళు తక్కువ పోస్తే వేర్లు నీళ్ళ కోసం పోతాయి, ఎక్కువ పోసుంటే పోయేవి కావు" అన్నాడు. నీళ్ళు పోయనక్కర్లేదని చెప్పింది ఈ నోరే!

అంతటితో ఆగినా వదిలేసేవాణ్ణి. అప్పుడే ఒక పెద్దామె అదే మొక్క బేరమాడుతోంది. ఆయప్ప నన్ను చూపించి, "చూడమ్మా, ఈ సారు మన దగ్గర తీసుకున్నదే, ఇంటిని మించి పెరిగింది, సాక్ష్యం ఆయనే" అన్నాడు. నా ముందరే. చేతిలో నా సంపులోంచి తీసిన వేర్లు పట్టుకుని నిలబడితే, నన్నే అడ్వర్టయిజుమెంటు చేసినాడు. నేను నోరు తెరిచే లోపల ఆమె ఆటోలో మొక్కలు ఎక్కిస్తాంది. వెనక పరిగెత్తి చెప్పినా. "మీ ఇద్దరికీ ఏదో గొడవున్నట్టుంది నాయనా" అని పోయింది. అమ్మా, మీరు గానీ మీ పిల్లలు గానీ ఇది చదువుతుంటే, ఇంకా భూమిలో పెట్టకుంటే పెట్టొద్దండి.

ఇంటికొచ్చి వెతికితే అంతా బయటపడింది. దీని అసలు పేరు కోనోకార్పస్. పొద కాదు, వదిలేస్తే 50 అడుగులు పోయే చెట్టు. మన మద్ది, కరక్కాయ చెట్ల కుటుంబమేనంట, వాటి పరువు కూడా తీసింది. తెలంగాణలో 2022లోనే దీన్ని నాటొద్దన్నారు. గుజరాత్‌లో 2023లో నిషేధించినారు, పుప్పొడితో జలుబు, ఉబ్బసం వస్తాయని, వేర్లు కేబుళ్ళను, డ్రైనేజీని, మంచినీళ్ళ లైన్లను పాడుచేస్తాయని. తమిళనాడులో 2025లో. మన రాష్ట్రంలో 2024లో పవన్ కల్యాణ్ కూడా వనమహోత్సవం అప్పుడు ఈ మొక్క వద్దని చెప్పినారు. రింగురోడ్డుకు మాత్రం ఆ కబురు ఇంకా చేరలేదు. ఇది ఆక్సిజన్ పీల్చేసుకుంటుంది, పిట్ట కూడా వాలదు అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నమ్మొద్దండి. పగలు ఏ పచ్చని చెట్టయినా ఆక్సిజనే ఇస్తుంది, పిచ్చుకలు మా చెట్ల మీద బాగానే వాలతాయి. వేర్ల సంగతి చాలు భయపడడానికి, ఉత్తమాటలెందుకు.

దడి కావాలంటే గోరింట, మందారం, నందివర్ధనం ఏదో ఒకటి వేసుకోండి. ఏది కొన్నా బిల్లు మీద మొక్క పేరు రాయించుకోండి, "దుబాయ్ మొక్క", "ఫారిన్ మొక్క" అంటే రాయలేదన్నట్టే లెక్క. ఇప్పటికే వేసినోళ్ళు పైన కొట్టేసి చేతులు దులుపుకోవద్దు, మొదట్లోంచి మళ్ళీ చిగురేస్తుంది, మావి వేస్తానే ఉన్నాయి.

అన్నట్టు, వేర్లతో సహా పెకలించడానికి మనుషులున్నారని నర్సరీ ఆయప్పే ఫోన్ చేసినాడు. చెట్టుకింతని రేటు చెప్పినాడు, మొక్క కొన్న ధర దాని ముందర చిల్లర. మొదళ్ళు తవ్వే కూలీలు ఎవరికన్నా తెలిసుంటే చెప్పండి. ఆయన మనుషులు తప్ప ఎవరైనా పరవాలేదు.