నైరోబీలో పుస్తకాల పండగ: నేషనల్ థియేటర్ నుంచి కలోలెని దాకా

నైరోబీలో జరిగే మకోండో సాహిత్యోత్సవానికి వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. పండగ మూడు రోజులే అయినా, వెళ్తే వారానికి తగ్గకుండా ఉండేలా చూసుకోండి. రచయితలు వేదిక మీద మాట్లాడేది వినడానికి మూడు రోజులు చాలు. మిగతా సంవత్సరమంతా ఆ ఊళ్లో పుస్తకం కోసం ఎవరు ఏం చేస్తున్నారో చూడాలంటే మాత్రం లైబ్రరీలు, షాపులు, ఫుట్‌పాత్‌లు తిరగాలి. నన్ను ఎక్కువగా కదిలించింది ఆ తిరుగుడే.

మకోండో 2019లో మొదలైంది. నవలా రచయిత్రి ఇవోన్ అధియాంబో ఒవూర్, జర్నలిస్టు అన్యా బెంగెల్‌స్టార్ఫ్ కలిసి పెట్టారు. ఆఫ్రికాలో ఇంగ్లీషులో రాసేవాళ్లకి పోర్చుగీసులో, ఫ్రెంచిలో రాసేవాళ్లతో పరిచయం తక్కువ. ఒకే ఖండంలో ఉంటూ ఒకరి పుస్తకాలు ఒకరికి లండన్ మీదుగానో ప్యారిస్ మీదుగానో చేరాల్సి రావడం వలస పాలన మిగిల్చిన పని. ఆ అడ్డు తొలగించాలన్నది వీళ్ల పట్టుదల. అందుకే మొదటి ఏడాదే పోర్చుగీసు మాట్లాడే ఆఫ్రికా దేశాల రచయితలను నైరోబీకి పిలిచారు.

పండగ జరిగే చోటు కెన్యా నేషనల్ థియేటర్, హ్యారీ థుకు రోడ్డులో. 1952లో, తెల్లవాళ్ల పాలనలో కట్టింది. వెళ్లేముందు ఈ గేటు కథ తెలుసుకోవాలి. 1977లో కెన్యా రచయిత గూగీ వా థియాంగో, ఆయన సహరచయిత గూగీ వా మీరీ కలిసి లిమూరు దగ్గర కామిరీతు ఊరివాళ్లతో, వాళ్ల గికుయు భాషలోనే ఒక నాటకం ఆడించారు. కూలీలు, రైతులు, ఫ్యాక్టరీ కార్మికులే నటులు. రెండు వేలమంది పట్టే ఆరుబయట రంగస్థలాన్ని ఊరివాళ్లే కట్టుకున్నారు. ఆరు వారాలకే ప్రభుత్వం నాటకాన్ని ఆపేసింది. ఆ ఏడాది ఆఖరి రోజున గూగీ వా థియాంగోని పట్టుకుపోయి, విచారణ లేకుండా దాదాపు ఏడాది జైల్లో ఉంచారు. 1982 ఫిబ్రవరిలో అదే బృందం కొత్త నాటకంతో ఈ నేషనల్ థియేటర్‌కి వస్తే గేటుకి తాళాలు, చుట్టూ పోలీసులు. ఇప్పుడు అదే గేటులోంచి కాలేజీ పిల్లలు బ్యాగులు తగిలించుకుని నవలల గురించి వాదించుకుంటూ లోపలికి వెళ్తుంటే చూస్తూ చాలాసేపు బయటే నిలబడిపోయాను.

హాలు మరీ పెద్దది కాదు. వెనక వరుసలో కూర్చున్నా మాట్లాడేవాళ్ల మొహాలు కనిపిస్తాయి. చర్చ అయ్యాక రచయితలు ఆవరణలోనే తిరుగుతుంటారు. మన పెద్ద ఉత్సవాల్లోలాగా సెక్యూరిటీ దాటుకుని వెళ్లక్కర్లేదు, పలకరిస్తే ఆగి మాట్లాడతారు. మెట్ల మీద కూర్చున్న కుర్ర రచయితల దగ్గర, ఆఫ్రికా రచయితల బృందం ఒకటి నడిపే జలాడా పత్రిక ప్రస్తావన వచ్చింది. 2016లో ఈ బృందం గూగీ గికుయులో రాసిన చిన్న కథ ఒకటి తీసుకుని ముప్పై పైచిలుకు భాషల్లో ఒకేసారి వేసింది. తర్వాత ఆ లెక్క వంద దాటింది. 2017లో వీళ్లే బస్సు కట్టుకుని కెన్యా, ఉగాండా, రువాండా, కాంగో, టాంజానియా తిరిగారు, దారిలో ఊరూరా సాహిత్య సభలు పెట్టుకుంటూ. ఏసీ హాల్లో కూర్చుని "పాఠకులు తగ్గిపోతున్నారు" అనుకునే మన సభలు గుర్తొచ్చి నాకు బాధేసింది.

ఇక బస. మొదట సిటీ సెంటర్లో ఒక చిన్న లాడ్జి తీసుకున్నాను, థియేటర్‌కి నడిచి వెళ్లొచ్చు కదా అని. పగలు బాగానే ఉంది. రాత్రయితే కిటికీ కిందే మటాటూల (అక్కడి ప్రైవేటు మినీబస్సులు) హారన్లు, పాటలు. వేణ్నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పైగా చీకటి పడ్డాక ఆ వీధుల్లో ఒంటరిగా నడవొద్దని రిసెప్షన్‌లోనే చెప్పారు. దగ్గరన్న లాభం సాయంత్రం చర్చలు ముగిసేసరికి పోయినట్టే. రెండోచోటు పార్క్‌లాండ్స్‌లో ఒక గుజరాతీ కుటుంబం అద్దెకిచ్చే గది. రోజుకి 4,500 షిల్లింగులు, అంటే మన మూడు వేల రూపాయల పైచిలుకు. పొద్దున్నే టీ, చపాతీ ఇంట్లోనే. ఆ ఇంటి పెద్దావిడ, తాతల నాడు రైల్వే పనికి వచ్చిన కుటుంబమట, నేను తిరిగొచ్చేదాకా గేటు వేయనిచ్చేది కాదు. శాకాహారులకు పార్క్‌లాండ్స్, ఎన్‌గారా వైపు తిండికి ఇబ్బంది లేదు. ఉబర్, బోల్ట్ రెండూ దొరుకుతాయి. రాత్రిపూట వాటిలోనే తిరగండి.

అన్నిచోట్లా ఎం-పెసాతోనే, అంటే ఫోన్ నంబరుతో డబ్బు పంపే పద్ధతిలోనే చెల్లింపులు. పాస్‌పోర్ట్ చూపించి లోకల్ సిమ్ తీసుకుంటే మీకూ అకౌంట్ వస్తుంది. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మే ఆయన కూడా ఫోన్ నంబరే చెప్తాడు. వీసా బదులు ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు పుస్తకం లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌కి పంపగలరు. ప్లాస్టిక్ కవర్లు 2017 నుంచి నిషేధం, గుడ్డసంచులు పట్టుకెళ్లండి. ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి స్వెట్టర్ కూడా.

లైబ్రరీల దగ్గరికొస్తే, బండా స్ట్రీట్‌లో మెక్‌మిలన్ మెమోరియల్ లైబ్రరీ ఉంది. 1931 నాటి భవనం, పెద్ద పెద్ద స్తంభాలు, మెట్ల దగ్గర రెండు రాతి సింహాలు. 1958 దాకా ఇందులోకి ఆఫ్రికన్లకు ప్రవేశం లేదు. సొంత ఊరి నడిబొడ్డున ఉన్న గ్రంథాలయంలోకి అడుగు పెట్టనివ్వలేదు! 2017లో నవలా రచయిత్రి వాంజిరు కొయినాంగే, అంతకుముందు క్వానీ ట్రస్టును నడిపిన ఏంజెలా వచూకా కలిసి బుక్ బంక్ అనే సంస్థ పెట్టారు. ఈ లైబ్రరీనీ, ఈస్ట్‌లాండ్స్‌లో శిథిలమవుతున్న మరో రెండింటినీ, అంటే కలోలెని, మకడారా లైబ్రరీలనూ, బాగుచేసి జనానికి అప్పజెప్పే పని నెత్తినేసుకున్నారు. క్వానీ కూడా చిన్న విషయం కాదు. 2002లో ఆఫ్రికా రచయితల కథలకిచ్చే కెయిన్ ప్రైజ్ అందుకున్న బిన్యవంగా వైనైనా, మిత్రులతో కలిసి మరుసటి ఏడాది మొదలుపెట్టిన పత్రిక అది. ఒక తరం కెన్యా రచయితలు అందులోంచే వచ్చారు. వైనైనా 2019లో చనిపోయారు, నలభై ఎనిమిదేళ్లకే.

మెక్‌మిలన్ చూడదగ్గదే. మరమ్మతుల వల్ల తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. కానీ రెండింట్లో ఒకటే చూసే టైముంటే నేను కలోలెనికే వెళ్లమంటాను. అది వలసకాలంలో ఆఫ్రికన్ ఉద్యోగులకి కట్టిన పాత కాలనీ. లైబ్రరీ చిన్నదే. పొట్టి అరలు, పిల్లల ఎత్తుకి తగ్గ బల్లలు. నేను వెళ్లిన శనివారం ఇరవై మంది దాకా పిల్లలు నేలమీద కూర్చుని కథ వింటున్నారు. కథ అయ్యాక అక్కడి లైబ్రేరియన్ నన్ను చూసి, "మీ దేశం కథ ఒకటి చెప్పండి" అంది. చేప చేపా ఎందుకెండలేదు అని ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. నేను ఇంగ్లీషులో చెప్తుంటే ఆవిడ స్వాహిలీలో అందుకుంది. ఆవు దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు వరస తెలిసిపోయింది. నేను అడగకముందే "ఎందుకు? ఎందుకు?" అని అరుస్తున్నారు. చీమ కుట్టే చోట ముందు వరసలో ఒక చిన్నది తన వేలు వెనక్కి లాక్కుంది.

పుస్తకాలు కొనడానికి మోయ్ అవెన్యూలో బజార్ ప్లాజాలోని నూరియా బుక్‌స్టోర్‌కి తప్పకుండా వెళ్లండి. కెన్యాలో ప్రచురణకర్తలకు ప్రధాన ఆదాయం స్కూలు పుస్తకాలే కాబట్టి కొత్తవాళ్ల నవలలు, కవిత్వం వేసేవాళ్లు తక్కువ. సొంత డబ్బుతో అచ్చేసుకున్న రచయితల పుస్తకాలను నూరియా అరల నిండా పెట్టి అమ్ముతుంది. నేనున్నప్పుడే ఒక కుర్రాడు బ్యాగులోంచి తన నవల కాపీలు తీసి కౌంటర్ మీద లెక్కపెట్టి ఇస్తున్నాడు. ఎలా పోతున్నాయని అడిగాను. "పది పది తెస్తాను సార్, అయిపోతే ఫోన్ చేస్తారు. అప్పుడు మళ్లీ ప్రెస్సుకి వెళ్తాను" అన్నాడు. నేనూ ఒకటి కొన్నాను, సంతకం పెట్టి ఇచ్చాడు. పాత పుస్తకాలకైతే టామ్ మ్‌బోయా స్ట్రీట్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌లు ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ తిరిగినవాళ్లకి అక్కడ బేరం నేర్పక్కర్లేదు.

ఒక పూట లిమూరుకి పెట్టుకోండి. నైరోబీ నుంచి గంట ప్రయాణం, దారంతా టీ తోటలు. నేను ట్యాక్సీ మాట్లాడుకుని కామిరీతు దాకా వెళ్లాను. 1982లో ప్రభుత్వం ఆ రంగస్థలాన్ని నేలమట్టం చేసింది, ఆ స్థలంలో పాలిటెక్నిక్ వచ్చింది. టూరిస్టులకు చూపించే చోటు కాదు, తెలిసి వెళ్తేనే అర్థం ఉంటుంది. తెలుగువాళ్లకి ఆ అర్థం మరికాస్త ఎక్కువ. కమీటి జైల్లో గూగీ టాయిలెట్ కాగితం మీద రాసిన నవలను ఇక్కడ వరవరరావు కూడా జైల్లోనే ఉండి తెలుగు చేశారు. 2025 మే నెలలో గూగీ పోయారన్న వార్త వచ్చినప్పుడు మన దగ్గర కూడా ఎందరో సొంతమనిషి పోయినట్టు బాధపడ్డారు. ట్యాక్సీ డ్రైవర్‌కి ఈ సంగతి చెప్తే బండి పక్కకి ఆపి, మీ భాషలో ఆయన పేరు ఎలా రాస్తారో చూపించమన్నాడు. కాగితం మీద రాసిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు మించి సెలవు దొరక్కపోతే పండగలో శుక్రవారం, ఆదివారం ఉంచుకుని శనివారం చర్చలు వదిలేయండి. ఆ రోజు పొద్దున కలోలెని, మధ్యాహ్నం నూరియా. సోమవారం లిమూరు. తిరుగు ప్రయాణానికి చెక్-ఇన్ బ్యాగేజీలో ఆరేడు కిలోలు ఖాళీ ఉంచుకోండి. నైరోబీలో కొన్న పుస్తకాల్లో చాలావాటిని ఇక్కడికొచ్చాక వెతికినా నాకు ఎక్కడా దొరకలేదు.